మీ అమ్మాయికి పాకిస్తాన్ వస్తే?

మీ అమ్మాయి స్కూల్ నుంచి వచ్చి "అమ్మా, ఎంయూఎన్‌లో నాకు పాకిస్తాన్ ఇచ్చారు" అంటే మీరేమంటారు? నేనైతే "టీచర్‌ని అడిగి మార్పించుకో" అన్నాను. ఫోన్‌లో మా అత్తయ్యగారు కూడా "ఇంకే దేశమూ దొరకలేదా?" అన్నారు.

ఎంయూఎన్ అంటే మోడల్ యునైటెడ్ నేషన్స్. దుబాయ్, షార్జా, అబుధాబిల్లో మన పిల్లలు చదివే స్కూళ్లలో హైస్కూల్ పిల్లలు చాలామంది ఇందులో చేరుతున్నారు. ఐక్యరాజ్యసమితిలో లాగే ఒక్కొక్కరికి ఒక్కో దేశం ఇస్తారు. ఆ దేశం వాదన ఏమిటో చదివి పొజిషన్ పేపర్ రాయాలి. మిగతా దేశాలతో వాదించి, తీర్మానం తయారు చేసి, ఓటు వేయాలి. సొంత అభిప్రాయం చెప్పకూడదు.

మా అమ్మాయి కమిటీకి వచ్చిన విషయం సింధు జలాలు. 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు చేసిన ఒప్పందం అది. మధ్యవర్తి ప్రపంచ బ్యాంకు. రావి, బియాస్, సట్లెజ్ మనకి. సింధు, జీలం, చీనాబ్ నీళ్లు చాలావరకు వాళ్లకి. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపేశారు. మర్నాడే మన ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని నిలిపి ఉంచుతున్నట్టు ప్రకటించింది. అలాంటప్పుడు మా పిల్ల అటువైపు నిలబడి ఎలా మాట్లాడుతుంది? నా బాధ అదీ.

ఆ రాత్రి నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంకా చదువుతూనే ఉంది. "నీళ్లు ఎలాగూ కిందకే వస్తాయి కదమ్మా, దిగువ వాళ్లకి భయమెందుకు?" అని అడిగింది.

మాది రేపల్లె వైపు. కృష్ణా డెల్టాలో కాలవ చిట్టచివరి పొలం. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ దాటి కృష్ణమ్మ మా దగ్గరికి రావాలి. మా నాన్న పొద్దున్నే పేపర్లో ఆల్మట్టి, శ్రీశైలం నీటి మట్టాలు చూడనిదే కాఫీ ముట్టేవారు కాదు. నారు పోశాక నీళ్లు ఆలస్యమైతే ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లు కాదు. అదే చెప్పాను. రాసుకుంది.

పోటీ రోజున ఇండియా బోర్డు పెట్టుకుని కూర్చున్నది వేరే స్కూల్లో చదివే లాహోర్ అబ్బాయట! "మనుషుల ప్రాణాలు పోతుంటే ఒప్పందం మీద నమ్మకం ఎలా నిలుస్తుంది?" అని అడిగాడట. "సరిగ్గా జవాబు చెప్పలేకపోయానమ్మా. కానీ నేను చెప్పిన రైతు భయం కూడా అబద్ధం కాదు కదా" అంది ఇంటికొచ్చాక. కాదు. రెండూ నిజమే. పదిహేనేళ్ల పిల్లకి ఆ సంగతి తెలియడం చిన్న విషయమా?

మీ ఇంటికి ఇలాంటి కాగితం వస్తే దేశం మార్పించకండి. అటు నిలబడి మాట్లాడినంత మాత్రాన పిల్లలు అటువాళ్లు అయిపోరు. "అవతలివాళ్లు ఏమడుగుతారు?" అని మీరే అడగండి, అన్నం దగ్గర వాదించనివ్వండి. వీడియో మాత్రం గ్రూపుల్లో పెట్టకండి. ఒక్క నిమిషం ముక్క చూసి చుట్టాలు అపార్థం చేసుకుంటారు. పైగా అనుమతి లేకుండా వేరేవాళ్ల వీడియోలు పంచుకుంటే ఇక్కడి సైబర్ చట్టం చాలా కఠినం.

అన్నట్టు, అత్తయ్యగారు మొన్న ఫోన్ చేసి "ఈసారి ఏ దేశమే?" అని మనవరాలిని అడిగారు. మీ పిల్లలకి ఏ దేశం వచ్చిందో మీరూ రాయండి.