పరీక్షల వేళ పిల్లల మనసు

కాలేజీకెళ్ళే పిల్లకు నిద్ర పట్టకపోవడం, పుస్తకం పట్టినా అక్షరం తలకెక్కకపోవడం, ఊరికే విసుక్కోవడం పొగరు కాదండీ. మనసు మీద బరువు పడిందన్నమాట.

కసరకుండా పక్కన కూర్చోబెట్టుకుని వినండి. పిడికిలి గట్టిగా బిగించి, కాసేపాగి, మెల్లగా వదలమనండి. అలాగే భుజాలు, పాదాలు. అమెరికా వైద్యుడు జాకబ్‌సన్ 1929లో రాసిన పుస్తకమే ఈ పద్ధతికి మూలం. ఒళ్ళు సడలితే మనసూ కొంత కుదుటపడుతుంది.

అంతటితో తీరకపోతే కాలేజీకి వెళ్ళి "మీ కౌన్సిలర్ ఎవరండీ?" అని అడగండి. 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతిచోటా ఒకరైనా ఉండాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. రాత్రయినా పగలయినా ప్రభుత్వ టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

"చచ్చిపోతా" అంటే ఉత్త బెదిరింపని కొట్టెయ్యకండి, ఒంటరిగా వదలకండి. మార్కుల సంగతి తరువాత చూసుకోవచ్చు.