గారపళ్ల వెనక నీళ్లు: ఫ్లోరైడ్‌పై అపోహలు – వాస్తవాలు

గ్రానైటు, నైస్ వంటి పాతరాళ్లలోని అపటైటు, బయోటైటు, ఫ్లోరైటు ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ మెల్లగా కరిగి భూగర్భ జలంలో చేరుతుంది. తెలంగాణ, రాయలసీమ, ప్రకాశం ప్రాంతాల అడుగున ఉన్నవి చాలావరకు ఈ రాళ్లే. తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చని, వేరే నీటివనరు లేనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు కూడా 1.5. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లకూ ఎముకలకూ వచ్చే జబ్బే ఫ్లోరోసిస్. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాల్లో ఈ జబ్బు ఉన్నట్లు 1937లో వైద్య పత్రికలకు ఎక్కింది. అక్కడి రైతులు దీన్ని ముందుగా చూసింది మనుషుల్లో కాదు, కీళ్లు బిగుసుకుపోయి అడుగు వేయలేని కాడెద్దుల్లో. నల్గొండ జిల్లా పరిస్థితిని సిద్దిఖీ అనే పరిశోధకుడు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించారు. ఇన్ని దశాబ్దాల పరిశోధన జరిగినా ఊళ్లలో కొన్ని నమ్మకాలు మాత్రం చెక్కుచెదరలేదు.

అపోహ: నీళ్లు తేటగా, తియ్యగా ఉంటే మంచివే.

ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, తాగేనీటిలో ఉండే మోతాదుకు రుచీ లేదు. ఉప్పునీళ్లను నాలుక పట్టేస్తుంది, బురదనీళ్లను కన్ను పట్టేస్తుంది, ఫ్లోరైడ్‌ను రెండూ పట్టలేవు. పైగా ఇందులో ఒక తిరకాసు ఉంది. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి కరగని పదార్థంగా మారి అడుగుకు చేరుతుంది. కాల్షియం తక్కువై, సోడియం, బైకార్బొనేటు ఎక్కువైన నీటిలో ఆ అడ్డు ఉండదు కాబట్టి ఫ్లోరైడ్ స్వేచ్ఛగా కరుగుతుంది. సబ్బు బాగా నురగ వచ్చి, పప్పు తొందరగా ఉడికి, ఊరంతా మెచ్చుకునే బావినీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండటానికి చాలాసార్లు కారణం ఇదే.

వాటర్ ప్లాంటు దగ్గర పెన్నులా ముంచి చూపించే టీడీఎస్ మీటరుతోనూ ఇది తేలదు. అది నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కడుతుందే గానీ అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పలేదు. టీడీఎస్ 400 చూపించే నీటిలో ఫ్లోరైడ్ 4 ఉండవచ్చు, 900 చూపించే నీటిలో అర మిల్లీగ్రాము కూడా ఉండకపోవచ్చు. ఫ్లోరైడ్ కొలవడానికి ప్రత్యేకమైన ఎలక్ట్రోడు గానీ రంగు మారే రసాయన పరీక్ష గానీ కావాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలల్లో ఈ పరీక్షలు చేస్తారు. పక్కపక్క బోర్ల మధ్య కూడా తేడా ఉంటుంది కాబట్టి ఊరికి ఒక పరీక్ష సరిపోదు, ఏ బోరు నీళ్లు తాగుతుంటే ఆ బోరుకే చేయించాలి.

అపోహ: బోరు ఎంత లోతుకు దింపితే అంత మంచి నీళ్లు పడతాయి.

సూక్ష్మజీవుల విషయంలో ఈ మాటలో కొంత నిజం ఉంది. ఫ్లోరైడ్ విషయంలో సాధారణంగా జరిగేది దీనికి విరుద్ధం. లోతున ఉన్న నీరు రాతి పగుళ్లలో ఎక్కువ కాలం నిలిచి ఉంటుంది, నిలిచిన కొద్దీ ఖనిజాలను కరిగించుకుంటుంది. చెరువు కింద ఉండే చేదబావికి ఏటా వాన నీరు వచ్చి కలుస్తుంది కాబట్టి అందులో ఫ్లోరైడ్ పలచబడుతుంది. చెరువులు పూడి, బావులు ఎండి, వందల అడుగుల బోర్ల మీద ఆధారపడిన తర్వాతే చాలా పల్లెల్లో ఈ బాధ ముదిరింది.

అపోహ: కాచి చల్లార్చితే ఏ దోషమైనా పోతుంది.

కాచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ క్రిమి కాదు, ఆవిరై పోయేదీ కాదు. పది లీటర్లు మరిగి ఎనిమిది లీటర్లయితే ఆ పది లీటర్ల ఫ్లోరైడూ ఎనిమిదింటిలోనే ఉంటుంది. రాగి బిందెలో రాత్రంతా నిల్వ ఉంచడం, క్లోరిన్ బిళ్లలు వేయడం, క్యాండిల్ ఫిల్టరులో వడపోయడం, బిందె లోపల చిల్లగింజ అరగదీయడం కూడా ఇలాంటివే. క్రిములకో మురికికో పనికొచ్చిన ఉపాయాలను ఫ్లోరైడ్‌కు వాడితే ఫలితం ఉండదు. అన్నం వార్చకుండా వండితే ఎసట్లో పోసిన ఫ్లోరైడ్ అంతా కంచంలోకే వస్తుంది. తాగడానికి క్యాన్ నీళ్లు తెచ్చుకుని వంటకు మాత్రం బోరు నీళ్లే వాడే ఇళ్లు ఈ ఒక్క సంగతి తప్పక గమనించాలి.

అపోహ: కాస్త పటిక తిప్పితే ఫ్లోరైడ్ దిగిపోతుంది.

ఈ నమ్మకానికి మూలం నిజమైన పరిశోధనలోనే ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించిన పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరు స్థిరపడింది. ఒక తెలుగు జిల్లా పేరు దాని కష్టం వల్లనే నీటి శాస్త్ర గ్రంథాలకు ఎక్కింది. ఆ పద్ధతిలో ముందు నీటికి సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు, తర్వాత పటిక వేసి మొదట వేగంగా, ఆపైన నెమ్మదిగా తిప్పుతారు. పటికలోని అల్యూమినియం తెల్లటి మెత్తని తరకలుగా మారి ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది. నీటిని గంటసేపు కదపకుండా ఉంచితే తరకలు అడుగున పేరుకుంటాయి, పైతేటను వడపోసుకోవాలి. మూడు సరుకులూ పల్లెలో దొరికేవే, కరెంటు అవసరం లేదు. తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి అందే ఉపాయంగా అది మెచ్చదగిన పని.

చిక్కు మోతాదు దగ్గర వస్తుంది. బురద పేరడానికి లీటరుకు కొన్ని పదుల మిల్లీగ్రాముల పటిక చాలు, ఫ్లోరైడ్ పోవాలంటే కొన్ని వందలు కావాలి. ఎన్ని వందలు అన్నది నీటిలో ఉన్న ఫ్లోరైడ్‌నూ క్షారతనూ కొలిచి నిర్ణయించాలి. తక్కువైతే ఫ్లోరైడ్ మిగిలిపోతుంది, లెక్క తప్పితే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. నీటి నుంచి తీసిన ఫ్లోరైడ్ అంతా అడుగున చేరిన మడ్డిలోనే ఉంటుంది కాబట్టి దాన్ని బావి గట్టున పారబోయకూడదు. పటిక గడ్డను నాలుగుసార్లు తిప్పి తీసేయడానికీ ఈ పద్ధతికీ పోలిక లేదు.

అపోహ: ఆర్‌ఓ ప్లాంటు ఉందంటే ఇక చూసుకోనక్కర్లేదు.

ఆర్‌ఓ పొర ఫ్లోరైడ్‌ను చాలావరకు ఆపుతుంది, అది నిజమే. పొర పాతబడితే ఆపే శక్తి తగ్గుతుంది, ఆ సంగతి నీటిని పరీక్షిస్తేనే బయటపడుతుంది. ఇక వదిలేసే వృథా నీటిలో ఫ్లోరైడ్ మరింత చిక్కగా ఉంటుంది. దాన్ని ప్లాంటు పక్కనే ఇంకుడు గుంతలోకి వదిలితే మళ్లీ ఆ ఊరి భూమిలోకే చేరుతుంది.

అపోహ: పళ్లు సరిగా తోముకోకపోవడం వల్లే గార పడుతుంది.

పాచి వల్ల పట్టే గార పంటి పైన ఉంటుంది, దంతవైద్యులు గీకి తీసేయగలరు. ఫ్లోరోసిస్ మచ్చ పంటి పింగాణీ లోపలే ఏర్పడుతుంది. పసితనం నుంచి ఎనిమిదేళ్ల వయసు వరకు, శాశ్వత దంతాలు చిగురు లోపల తయారవుతున్న కాలంలో ఒంట్లో చేరిన ఫ్లోరైడ్ పింగాణీని గుల్లబారుస్తుంది. మొదట సుద్దలా తెల్లటి చారలు, పోనుపోను పసుపు, గోధుమ రంగు మచ్చలు కనిపిస్తాయి. ఎంత తోమినా అవి పోవు. అలాంటి పళ్లున్న పిల్లలను బడిలో శుభ్రత లేదని మందలించడం అన్యాయం.

దీని నుంచే మరో పొరపాటు పుట్టింది: పళ్లు తెల్లగా ఉంటే ఫ్లోరోసిస్ లేనట్లేనని. పెద్దయ్యాక ఫ్లోరైడ్ ఊరికి కాపురానికి వచ్చినవారికి పళ్లు మారవు, ఎముకలు మాత్రం మారతాయి. మెడ, నడుము పట్టేయడం, కీళ్లనొప్పులతో అది మొదలవుతుంది. వంగి కాలి బొటనవేళ్లను తాకడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, చేతులు తల వెనక్కి పెట్టుకోవడం – ఈ మూడింటిలో ఇబ్బంది ఉంటే ఫ్లోరైడ్ ప్రాంతంలో డాక్టరును కలవాలి. వాతం నొప్పులని ఏళ్లకేళ్లు మాత్రలు మింగుతూ అవే నీళ్లు తాగడం కన్నా పెద్ద నష్టం లేదు. ఎండల్లో పొలం పని చేసేవారు రోజుకు ఐదారు లీటర్లు తాగుతారు కాబట్టి ఒకే బోరు నీళ్లయినా వారి ఎముకల్లో చేరేది ఎక్కువ.

అపోహ: ఇది వంశంలో వచ్చే జబ్బు.

తాతకూ తండ్రికీ కొడుకుకూ ఒకే రకంగా నడుము వంగితే వంశదోషం అనుకోవడం సహజమే. వారికి ఉమ్మడిగా ఉన్నది ఇంటి బావి. ఫ్లోరోసిస్ అంటుకునేది కాదు, రక్తంలో వచ్చేది కాదు. ఈ అపోహ వల్ల ఫ్లోరైడ్ ఊళ్ల పిల్లలకు పెళ్లి సంబంధాలు తప్పిపోయాయి. ఎముకల వంకరలతో పాటు అదీ మోయవలసిన బాధే.

అందరికీ ఒకేలా రాకపోవడానికి తిండి కూడా ఒక కారణం. ఫ్లోరోసిస్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి ఒరుసుకుని మడమలు దూరంగా జరిగిపోయే వైకల్యాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో నివేదించారు. నాగార్జునసాగర్ కట్టిన తర్వాత పరిసరాల్లో జలమట్టం పెరిగి నేల స్వభావం మారిందని, అక్కడి జొన్నల్లో మాలిబ్డినం పెరిగిందని, అది ఒంట్లోని రాగిని బయటకు పంపేయడం వల్ల ఎముక బలహీనపడి ఉండవచ్చని ఆ సంస్థ పరిశోధకులు వివరించారు.

అపోహ: మందులతో నయమవుతుంది.

వంగిన ఎముకను తిన్నగా చేసే మందు లేదు, మానవలసింది ఆ నీళ్లనే. పాలు, రాగులు, ఆకుకూరల్లోని కాల్షియం పేగుల్లో ఫ్లోరైడ్ ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది. చింతపండు మీద జాతీయ పోషకాహార సంస్థ చేసిన ప్రయోగం ఆసక్తికరమైనది: బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చొప్పున 18 రోజులు పెడితే మూత్రంలో బయటకు పోయే ఫ్లోరైడ్ పెరిగింది. అంతమాత్రాన చారు తాగుతూ ఫ్లోరైడ్ నీళ్లు తాగవచ్చని కాదు.

అపోహ: నది నీళ్లు వచ్చాయి, ఇక ఫ్లోరైడ్ లేదు.

2016లో మొదలైన మిషన్ భగీరథ ద్వారా కృష్ణా జలాలు నల్గొండ పల్లెలకు చేరాయి. ఆ నీళ్లు తాగే పసిపిల్లల పళ్లు శుభ్రంగా వస్తాయి. నేలలోని రాయి మాత్రం మారలేదు. పైపు పగిలిన రోజున బోరింగు కొట్టే ఇంట్లో, పొలంలో మోటారు దగ్గర దోసిలి పట్టే కూలీకి, బోరు నీళ్లతో టీ కాచే హోటల్లో, కుడితి తాగే పశువుకు ఫ్లోరైడ్ ఇంకా అందుతూనే ఉంది.