మీకు తెలుసా? అడుగు వేస్తే శబ్దం పుట్టింది!

ఉప్పల్ శిల్పారామంలో కూచిపూడి చూసేవాళ్లకు తెలిసిందే: పాట నడుస్తుంది, అడుగు దాన్ని అందుకుంటుంది. 1965లో న్యూయార్క్‌లో మెర్స్ కన్నింగ్‌హామ్ నృత్య బృందం ‘వేరియేషన్స్ ఫైవ్’ ప్రదర్శనలో ఈ వరుసను తిరగేసింది. వేదికపై నిలువు యాంటెన్నాలు, వెలుగునీడలను పసిగట్టే ఫోటోసెల్స్. నర్తకులు వాటి పక్కన కదిలితే శబ్దాలు మారేవి. వెనక తెరపై నామ్ జూన్ పైక్ వంకర్లు తిప్పిన టీవీ బొమ్మలు. టీవీ పెట్టెలతో శిల్పాలు చేసిన కళాకారుడాయన. 1974 నాటి ‘టీవీ బుద్ధ’లో బుద్ధ విగ్రహం ఎదురుగా టీవీ, అందులో కెమెరాకు చిక్కిన అదే బుద్ధుడు!

వెలుగుతెరపై బొమ్మను ఆడించడం మనకేం కొత్త? తోలుబొమ్మల గుండా దీపకాంతి ఎన్నడో ప్రసరించింది. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.