రప్చర్ అనే మాట, డిగ్లీపూర్ నేల

‘రప్చర్’ అనే ఇంగ్లీషు మాటకు తెలుగులో ఒక్క మాట సరిపోదు. మనకు కుండ పగులుతుంది, తాడు తెగుతుంది, కర్ర విరుగుతుంది, గుడ్డ చిరుగుతుంది. వస్తువును బట్టి క్రియ మారుతుంది. రప్చర్‌కు ఆ పట్టింపు లేదు. అంతదాకా ఒత్తిడిని ఓర్చుకున్నది ఇక ఆగలేక ఒక్కసారిగా తెగితే, అది ఏదైనా రప్చరే.

లాటిన్‌లో ‘రుంపెరె’ అంటే విరగ్గొట్టడం. మాటకు అడ్డుతగిలే ఇంటరప్ట్, లోపలినుంచి బద్దలై ఎగజిమ్మే ఎరప్ట్, దివాలా తీసిన బ్యాంక్‌రప్ట్ అందులోంచి వచ్చినవే. వైద్యంలో అపెండిక్స్ పగిలినా, కాన్పుకు ముందు ఉమ్మనీటి సంచి చిట్లినా, మడమ వెనుక స్నాయువు తెగినా డాక్టరు రాసేది రప్చర్ అనే. వెనుకటి రోజుల్లో హెర్నియాను కూడా ఇంగ్లీషులో అలాగే పిలిచేవారు. రెండు దేశాల మధ్య సంబంధాలు తెగిపోవడానికీ ఇదే మాట.

ఈ మాటకు అసలైన విస్తృతి భూకంప శాస్త్రంలో కనిపిస్తుంది. అక్కడ దీన్ని ‘పగులు’ అని అనువదిస్తే పొరపాటు. రాతిలో ఎప్పటినుంచో ఉన్న పగులును ఫాల్ట్ అంటారు. ఆ ఫాల్ట్‌కు రెండు పక్కలా ఉన్న రాయి పట్టు వదిలి జారడం రప్చర్. అది ఒకచోట మొదలై మరోచోటికి పరిగెత్తే సంఘటన. భూకంప కేంద్రం దాని ప్రారంభ స్థానం మాత్రమే.

2004 డిసెంబర్ 26 ఉదయం జరిగింది ఇదే. ఇండియా ఫలకం బర్మా ఫలకం కిందికి దూరే చోట, సుమత్రా పక్కన పట్టు తెగింది. ఆ తెగుడు ఉత్తరంగా సుమారు 1,300 కిలోమీటర్లు సాగి అండమాన్ ఉత్తర కొసను చేరింది. అందుకు పట్టింది పది నిమిషాలే. తీవ్రత 9.1. ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ ఆ కేంద్రానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. అయినా అక్కడి నేల కదిలింది. కేంద్రం ఎక్కడన్నది తెలిస్తే చాలనుకునేవారికి ఇంతకంటే గట్టి జవాబు లేదు.

డిగ్లీపూర్ వాసులకు అంతకుముందే 2002 సెప్టెంబర్ 14 తెల్లవారుజామున 6.5 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2004లో వెలువడిన శక్తి దానికి దాదాపు 8,000 రెట్లు. తెగిన పొడవు, జారిన దూరం పెరిగేకొద్దీ తీవ్రత పెరుగుతుంది.

2004 భూకంపంలో గ్రేట్ నికోబార్ కొసన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది. ఉత్తర అండమాన్ మాత్రం పైకి లేచింది. పశ్చిమ తీరంలో ఆ ఎత్తు మీటరు దాటింది. బారాటాంగ్ దీవిలో బురద అగ్నిపర్వతం రెండు రోజులకే ఎగజిమ్మింది. అలాంటివే డిగ్లీపూర్ దగ్గర శ్యామ్‌నగర్‌లోనూ ఉన్నాయి. ఉత్తర తీరాల్లో పోటు నీరు అందని మడ చెట్లు ఎండిపోయాయి. నీటి అడుగున బతికిన పగడపు దిబ్బలు గాలికి తేలి చచ్చిపోయాయి.