లోబ్రౌ చిత్రకళ - నామస్వరూపవిచారము

కళాచరిత్రమునందు గొన్ని నామములు గౌరవార్థము పెట్టబడినవి; కొన్ని యెగతాళినుండి పుట్టినవి. రెండవ తెగకు జేరినది ‘లోబ్రౌ’ అను పేరు. అమెరికాదేశమునందలి కాలిఫోర్నియా రాష్ట్రమున, ముఖ్యముగా లాస్ ఏంజెలెస్ నగరప్రాంతమున, 20వ శతాబ్ది యుత్తరార్ధమున బొడమి నేటికిని సాగుచున్న యొక చిత్రకళాశాఖకు నిది పేరు. భయానకకథలు, బొమ్మలకథలైన కామిక్సులు, పంక్ అను సంగీతసంప్రదాయము దీనికి బ్రధానమైన యాధారములు. ఈ పేరు ఆ కళయొక్క గుణమును దెలుపుచున్నదా, లేక దానిని బయట నిలిపినవారి దృష్టిని మాత్రమే తెలుపుచున్నదా యనునది విచార్యము.

ఆంగ్లమున ‘బ్రౌ’ యనగా కనుబొమ, నొసలు. 19వ శతాబ్దమున కపాలముయొక్క యాకారమును బట్టి మనుష్యుని బుద్ధిని నిర్ణయింపవచ్చునను మతమొకటి ప్రబలియుండెను. ఎత్తైన నొసలు మేధకును, పల్లపు నొసలు మాంద్యమునకును జిహ్నములని దాని తాత్పర్యము. ఆ మతము నిరాధారమని శాస్త్రజ్ఞులు త్రోసివేసిరి. మాటలు మాత్రము నిలిచినవి. ‘హైబ్రౌ’ యనగా పండితాభిరుచి, ‘లోబ్రౌ’ యనగా పామరాభిరుచి యని వాడుక యేర్పడెను. భారతీయాలంకారికులు కావ్యదోషములలో గ్రామ్యతను బేర్కొనిరి. కాని యా దోషము పదమునకో యర్థమునకో తగులును. లోబ్రౌ యను నింద చిత్రమునకే గాక చిత్రించినవానికిని, చూచి సంతోషించువానికిని గూడ దగులును.

ఈ కళకు మొదటి మూలము భయానకపు బొమ్మలకథలు. విలియం గెయిన్స్ అధిపతిగా నుండిన ఇ.సి. కామిక్స్ సంస్థ 1950లో ‘టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్’ మొదలైన పత్రికలను వెలువరింప నారంభించెను. సమాధులనుండి లేచివచ్చు శవములు తమ్ము జంపినవారిపై బగ దీర్చుకొనుట, పాపి తన పాపఫలమును దానే యనుభవించుట మొదలైనవి వానియందలి కథావస్తువులు. వికృతరూపుడైన సమాధిపాలకు డొకడు పరిహాసోక్తులతో గథను బ్రస్తావించుచుండెను. 1954లో ఫ్రెడ్రిక్ వెర్థామ్ అను మానసికవైద్యుడు ఇట్టి పత్రికలు బాలురను జెడుత్రోవ బట్టించుచున్నవని యొక గ్రంథమును బ్రకటించెను. ఆ సంవత్సరముననే సెనేటు ఉపసంఘము విచారణ జరిపెను. గెయిన్స్ స్వయముగా సాక్ష్యమిచ్చెను. పిమ్మట బ్రకాశకులే యొక నియమావళిని గల్పించుకొనిరి. దాని ననుసరించి పత్రికల పేళ్లలో ‘హారర్’, ‘టెర్రర్’ అను మాటలు కూడవు. నడచు శవములను, రక్తపిశాచములను జిత్రింపరాదు. ఇ.సి. వారి భయానకపత్రికలు నిలిచిపోయెను. అయినను నిషేధము పత్రికల నాపగలిగెనే గాని బాలుర జ్ఞాపకములనుండి వానిని దుడిచివేయజాలదయ్యెను. ఆ తరమువారిలో గొందఱు పెరిగి చిత్రకారులైరి.

రెండవ మూలము కార్ల యలంకరణము. ఎడ్ రాత్ అను శిల్పి పాతకార్లకు విచిత్రరూపములు గల్పించుచు, 1960 తరువాతి సంవత్సరములలో ‘రాట్ ఫింక్’ అను నెలుకబొమ్మను బ్రసిద్ధికి దెచ్చెను. ఉబ్బిన గ్రుడ్లును, వాడిపండ్లును, చుట్టును ముసరు నీగలును గల యా యెలుక చొక్కాలపై నచ్చుపడి విరివిగా నమ్ముడుపోయెను. 1943లో జన్మించిన రాబర్ట్ విలియమ్స్ 1965లో రాత్ కర్మశాలలో జేరి ప్రకటనచిత్రములు వ్రాసెను; అటుపై నియమావళికి లోబడని ‘జాప్ కామిక్స్’ పత్రికయందు బాల్గొనెను. ఆ కాలమున విద్యాలయములందు అమూర్తచిత్రణమునకు బ్రాబల్యము హెచ్చు. కథ చెప్పు చిత్రము వర్తకులకై చేయు కూలిపనిగా నెంచబడుచుండెను. కావున బూర్వులైన తైలవర్ణచిత్రకారుల హస్తకౌశలము కొంతవరకు కార్లకును, చొక్కాలకును, బొమ్మలకథలకును బనిచేయువారి చెంతనే నిలిచెను.

1982లో విలియమ్స్ తన చిత్రముల సంపుటమునకు ‘ది లోబ్రౌ ఆర్ట్ ఆఫ్ రాబర్ట్ విలియమ్స్’ అని పేరిడెను. పండితసంస్థలు తన్ను గైకొనవని యెఱిగి, పరులు వేయదగిన నిందను దానే ముందుగా శిరసున ధరించుట యిది. ఆయన యొక్కొక్క చిత్రమునకు మూడేసి పేళ్లు పెట్టుట గమనింపదగినది: మొదటిది ప్రదర్శనశాల పట్టికకు దగినది, రెండవది గంభీరమైన పండితపరిభాషలోనిది, మూడవది మందమతులకు బోధపడునట్టిది. చిత్రమొక్కటే; చూచువారి తారతమ్యమును బట్టి నామములు మాఱుచున్నవి. నామము వస్తువునకు గాక ప్రేక్షకుని యంతస్తునకు జెందినదని యీ పరిహాసముయొక్క సారాంశము.

మూడవ మూలము పంక్. 1976 తరువాత లాస్ ఏంజెలెస్ ప్రాంతమున నీ సంగీతము వ్యాపించినప్పుడు, గాయకబృందములకు ధనమును లేదు, ప్రచారసాధనములును లేవు. నకలుయంత్రముపై దీసిన కరపత్రములే వారి ప్రకటనలు. రేమండ్ పెటిబాన్ తన సోదరుని బృందమైన ‘బ్లాక్ ఫ్లాగ్’ కొఱకు నాలుగు నల్లని పట్టెల గుఱుతును గల్పించి, నల్లసిరాతో గరపత్రచిత్రములు వ్రాసెను. గ్యారీ ప్యాంటర్ గీసిన రేఖలు బుద్ధిపూర్వకముగా గరుకైనవి. విలియమ్స్ నేర్పును బ్రదర్శింపగా, వీరు నేర్పు లేనట్టి తోపును బ్రదర్శించిరి.

ఈ చిత్రములందు భయానకబీభత్సములు పుష్కలముగా గలవు. కాని యవి యొంటరిగా లేవు. బీభత్సమునుండి భయానకము పుట్టునని భరతుడు చెప్పెను. ఇచ్చట నా రెంటితో హాస్యము పెనవైచుకొనియున్నది. రాట్ ఫింక్ జుగుప్సను గలిగించుచునే నవ్వించును. సమాధిపాలకుడు బెదరించుచునే ఛలోక్తు లాడును. ఈ రససాంకర్యమే యీ శాఖకు జీవము.

కాలక్రమమున ద్వారములు తెఱువబడినవి. 1986లో బిల్లీ షైర్ లాస్ ఏంజెలెస్‌లో ‘లా లూజ్ డి జీసస్’ ప్రదర్శనశాలను స్థాపించెను. 1992లో నా నగరపు సమకాలికకళాసంగ్రహాలయము ‘హెల్టర్ స్కెల్టర్’ అను ప్రదర్శనమున విలియమ్స్, పెటిబాన్‌ల చిత్రముల నుంచెను. 1994లో విలియమ్స్ మొదలైనవారు ‘జక్స్టపోజ్’ పత్రికను నెలకొల్పిరి. 2017లో న్యూయార్కునందలి న్యూ మ్యూజియము పెటిబాన్ చిత్రములతో గొప్ప ప్రదర్శనము జరిపెను. ‘పాప్ సర్రియలిజమ్’ అను గౌరవనామము గూడ బ్రచారమునకు వచ్చెను.

అట్లని యీ కళపై వచ్చిన ప్రతి యాక్షేపణయు నసూయాజనిత మనరాదు. విలియమ్స్ చిత్రమొకటి 1987లో ‘గన్స్ అండ్ రోజెస్’ బృందపు సంగీతసంపుటమునకు ముఖచిత్రముగా నుంచబడగా, స్త్రీపై జరిగిన బలాత్కారమును సూచించు నా దృశ్యమును విక్రేతలు నిరాకరించిరి. అది లోపలి పుటకు మార్చబడెను. నిషేధమునకు లోనైనంత మాత్రమున బ్రతి చిత్రమును శ్లాఘ్యము కానేరదు.

ఇందుచే దేలునది యేమనగా, లోబ్రౌ యను పేరు తారతమ్యమును నిర్ణయించునది గాదు. తలుపు మూసినవారెవ్వరో తెలుపునది మాత్రమే. 1954నాటి నియమావళి చిత్రముల జాతిని జూచి శిక్షించెను. నేటి సంగ్రహాలయము లా జాతిని జూచియే సత్కరించునెడల దోషము మఱల నదియే యగును. తలుపు తెఱచిన పిమ్మట నొక్కొక్క చిత్రమును వేఱువేఱుగ జూడవలసిన భారము ప్రేక్షకునిదే. ఆ పని నొసటి యెత్తుచే గాక, నొసటి క్రిందనున్న కన్నులచే జరుగవలసియున్నది.