చీతా కంటే ముందు జింక

ఇంటికి చుట్టాలు వస్తున్నారు. ముందు ఏం చూసుకుంటాం? డబ్బాలో బియ్యం ఉన్నాయా, లేవా అని చూసుకుంటాం. అడవికి చుట్టం వచ్చినా అంతే. ముందు తిండి చూడాలి.

ఇది మధ్యప్రదేశ్ రాష్ట్రంలోని కూనో అడవి సంగతి. అక్కడికి వచ్చిన చుట్టం పేరు చీతా.

చీతా అంటే మన చిరుతపులి కాదు. చీతా సన్నగా ఉంటుంది. కాళ్లు పొడుగు. కాటుక కారినట్టు కంటి నుంచి నోటి దాకా నల్లటి చార ఉంటుంది. పరుగులో దాన్ని మించిన జంతువు లేదు.

ఒకప్పుడు మన దేశంలో చీతాలు ఉండేవి. రాజులు వాటిని పట్టి పెంచి, జింకల వేటకు వాడేవారు. రానురాను పచ్చిక బీళ్లు పొలాలయ్యాయి. జింకలు తగ్గాయి. చీతాలూ తగ్గాయి. 1947లో మిగిలిన మూడింటిని కాల్చి చంపారు. దేశంలో ఇక చీతా లేదని 1952లో ప్రభుత్వం ప్రకటించింది.

మళ్లీ చీతాలను తేవాలనుకున్నారు. మరి వాటికి తిండి?

చీతా గడ్డి తినదు. అడవిలో జింక దొరికితే జింకను తింటుంది. దొరక్కపోతే ఊరివైపు వస్తుంది. మేకను పట్టుకుపోతుంది. మేక అంటే ఆడవాళ్ల చేతిలో డబ్బు. పిల్లల చదువు, మందుల ఖర్చు దాని మీదే. కడుపు మండి ఎవరో విషం పెడతారు. మేకా పోయె, చీతా పోయె.

అందుకే చీతాలు రాకముందే పెంచ్ అనే మరో అడవి నుంచి చుక్కల జింకలను కూనోకు తెచ్చారు.

జింకను పట్టడం తేలిక కాదు. అది పిరికి జంతువు. వల వేసి పట్టుకుంటే భయంతోనే చచ్చిపోవచ్చు. అందుకని 'బోమా' కడతారు. ఇది ఆఫ్రికాలో నేర్చిన పద్ధతి.

బోమా గరాటులా ఉంటుంది. ఒకవైపు వెడల్పు, ఇంకోవైపు సన్నం. చుట్టూ గుడ్డతోనో, గడ్డితోనో దడి కడతారు. లోపల మేత వేస్తారు. జింకలు తినడానికి వస్తాయి. అలవాటు పడతాయి. ఒకనాడు వెనక తలుపు మూస్తారు. మెల్లగా ముందుకు అదిలిస్తారు. సన్నటి చివర లారీ ఉంటుంది. జింకలు వాటంతట అవే లారీ ఎక్కుతాయి. ఎవరూ చేయి వేయరు.

2022 సెప్టెంబరులో నమీబియా దేశం నుంచి 8 చీతాలు వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి మరో 12 వచ్చాయి. కొన్ని చనిపోయాయి. కొన్ని పిల్లల్ని పెట్టాయి. కొన్ని అడవి దాటి వెళ్లి మేకలను పట్టాయి. కాబట్టి పని అయిపోలేదు. జింకలు పెరుగుతూనే ఉండాలి.

ఇంకో మాట మరవకూడదు. కూనోలో ఒకప్పుడు 24 ఊళ్లు ఉండేవి. ఎక్కువమంది సహరియా గిరిజనులు. గుజరాత్ నుంచి సింహాలను తెస్తామని చెప్పి ఆ ఊళ్లను బయటికి పంపారు. సింహాలు రాలేదు. వాళ్లు వదిలిన పొలాల్లో గడ్డి మొలిచింది. ఆ గడ్డి మీదే జింకలు పెరిగాయి. అంటే చీతా తిండి వెనక ఆ జనం వదులుకున్న భూమి ఉంది. వాళ్లకు న్యాయం జరగాలి.

మన నల్లమల అడవిలో పెద్దపులి ఉంది. దానికీ ఇదే లెక్క. జింక, కణితి, అడవి పంది ఉంటే పులి అడవిలోనే ఉంటుంది. ఉచ్చులు పెట్టి, కరెంటు తీగలు వేసి వాటిని చంపితే పులి ఊరి పశువుల మీద పడుతుంది. జింకను చంపడం చట్టప్రకారం నేరం కూడా.

పులి మీ ఆవునో, మేకనో చంపిందా? కళేబరాన్ని కదిలించకండి. దానికి విషం పూయనివ్వకండి. వెంటనే అటవీ శాఖవాళ్లకు చెప్పండి. నష్టపరిహారం అడగండి. అది మీ హక్కు.

అడవిలో జింక బతికితే, ఊళ్లో మేక బతుకుతుంది.

ఆలోచించండి: మీ ఊరి దగ్గర ఒకప్పుడు ఏ జంతువులు తిరిగేవి? ఇప్పుడు ఏవి కనబడటం లేదు? ఎందుకు? అందరూ కూర్చుని మాట్లాడుకోండి.