ట్రయథ్లాన్ ఈత: సముద్రంలో బలం కంటే పొదుపే ప్రధానం

ఈతకొలనులో నెలల తరబడి సాధన చేసినవారు సైతం సముద్రంలోకి దిగిన కొద్ది నిమిషాలకే ఆయాసపడటం ట్రయథ్లాన్ పోటీల్లో తరచూ కనిపించే దృశ్యం. గోవాలోని మీరామార్ తీరంలో 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 పోటీనే తీసుకుంటే, 1.9 కిలోమీటర్లు ఈది ఒడ్డుకు చేరినవారు ఆ వెంటనే 90 కిలోమీటర్లు సైకిల్ తొక్కాలి, 21.1 కిలోమీటర్లు పరుగెత్తాలి. అందువల్ల ఎంత వేగంగా ఈదారన్నదానితో పాటు, ఎంత శక్తిని మిగుల్చుకున్నారన్నదీ ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

నిరోధమే తొలి ప్రత్యర్థి

నీటి సాంద్రత గాలి సాంద్రతకు సుమారు 800 రెట్లు. ఈదే వేగాన్ని 10 శాతం పెంచాలంటే దాదాపు మూడో వంతు అదనపు శక్తి అవసరమవుతుంది. కాబట్టి బలాన్ని పెంచుకోవడం కంటే నీటి నిరోధాన్ని తగ్గించుకోవడమే లాభసాటి. ఊపిరితిత్తుల్లోని గాలి వల్ల ఛాతీ తేలుతుంది, కాళ్లు మునుగుతాయి. తల పైకెత్తితే త్రాసులా కాళ్లు మరింత కిందికి దిగుతాయి. చూపు నీటి అడుగువైపు నిలిపితే శరీరం సమతలంగా ఉంటుంది.

బార వేసే తీరు

చేయి భుజానికి సూటిగా నీటిలో ప్రవేశించాలి. మోచేయి పైనే ఉంచి, ముంజేతిని, అరచేతిని కలిపి తెడ్డులా నీటిని వెనక్కి నెట్టాలి. నీటిని కిందికి అదిమితే శరీరం పైకి లేస్తుందే తప్ప ముందుకు సాగదు. ప్రశాంతమైన కొలనులో బారకూ బారకూ మధ్య జారుతూ సాగవచ్చు. అలల్లో ఆ విరామం వేగాన్ని హరిస్తుంది. అక్కడ కాస్త పొట్టిగా, ఎడతెగకుండా బారలు వేయడం మేలు. కాళ్లను రెండు బారలకు రెండుసార్లు మాత్రమే ఆడిస్తే తొడల సత్తువ సైకిల్‌కు, పరుగుకు మిగులుతుంది.

దారి తప్పితే దూరం పెరుగుతుంది

సముద్రం అడుగున దారి చూపే గీతలుండవు. దారికి 20 డిగ్రీల కోణంలో అటూ ఇటూ వంకరగా ఈదితే 1.9 కిలోమీటర్లకు దాదాపు 120 మీటర్లు అదనంగా చేరుతాయి. అందుకే ఆరు నుంచి పది బారలకొకసారి కళ్లు మాత్రమే నీటిపైకి తెచ్చి బోయాను చూసి, వెంటనే తల పక్కకు తిప్పి ఊపిరి తీసుకోవాలి. బోయా వెనుక ఎత్తయిన కట్టడాన్నో, చెట్టునో గురిగా పెట్టుకుంటే అలల మధ్య కూడా దిశ తెలుస్తుంది. రెండువైపులా ఊపిరి తీసుకోవడం అలవాటైతే అల వచ్చే వైపు నుంచి ముఖం తిప్పుకోవచ్చు.

మరొకరి పాదాల వెనుకే ఈదితే నిరోధం తగ్గుతుంది. అయితే ముందున్నవారు దారి తప్పితే వెనుకవారూ తప్పుతారు. ప్రవాహాన్ని చదవడమూ నైపుణ్యమే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సెన్ నదికి ఎదురీదేటప్పుడు పలువురు క్రీడాకారులు వేగం తక్కువగా ఉండే గట్టు వారగా సాగారు.

తొలి నిమిషాలే కీలకం

అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయథ్లాన్లలో సంభవించిన మరణాలు, గుండె ఆగిపోయిన ఘటనలపై జరిగిన అధ్యయనంలో నమోదైన 135 కేసుల్లో 90 ఈత దశలోనివే. గుంపు తోపులాటలో ఊపిరి బిగబట్టి వేగంగా దూసుకెళ్లడం ప్రమాదకరం. నెమ్మదిగా మొదలుపెట్టి, ముఖం నీటిలో ఉన్నంతసేపూ గాలిని వదులుతూ ఉండాలి. కంగారు కలిగితే వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలకడపడే వరకు ఆగాలి. ఛాతీలో నొప్పి, అసాధారణమైన ఆయాసం అనిపిస్తే చేయెత్తి సహాయక సిబ్బందిని పిలవాలి. సముద్రంలో ఒంటరిగా సాధన చేయరాదు.

పురోగతిని తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. కొలను ఒక చివరి నుంచి మరో చివరికి ఎన్ని బారలు పట్టాయో లెక్కించాలి. అదే సమయానికి వారం వారం ఆ సంఖ్య తగ్గుతూ వస్తే, శరీరం నీటితో పోరు మానుకుని దానిపై సాగడం నేర్చుకుంటున్నట్టే.